లోపలున్న ఆడబిడ్డ

జూన్ 3

మరదలికి,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అక్కడ మీరూ బాగానే ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప దగ్గరికొచ్చి చూడనిచ్చావు గనకనా.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోనులో నా గొంతు లేస్తుంది. లేస్తే పక్కనే ఉన్న తమ్ముడు వింటాడు. కిడ్నీ మార్చి నాలుగు నెలలైనా కాని మనిషి ముందు మన గొడవలెందుకు? కాగితం మీదైతే ఎంత అరిచినా వాడికి వినపడదు.

మొన్న ఆదివారం నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చాను. తలుపు తీసి నువ్వేమన్నావు? చెప్పులు బయట, సంచి బయట, చేతులు మోచేతుల దాకా కడుక్కోండి, ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టుకోండి. అన్నీ చేశాను. చివరికి కిటికీ పక్కన కుర్చీ వేసి అక్కడే కూర్చోమన్నావు. వాడు గదికి ఆ చివర, నేను ఈ చివర. నా కిడ్నీ లోపలికి పోయి దర్జాగా కూర్చుంది, నన్ను మాత్రం గుమ్మం దగ్గర ఆపేశావు.

సరే, అదీ పోనీ. మా పెరటి చెట్టు పంపరపనస పళ్ళు సంచిడు మోసుకొచ్చాను. అవంటే వాడికి చిన్నప్పటినుంచీ ప్రాణం. వాడు చెయ్యి చాపాడు కూడా. "బయటి పళ్ళు వద్దండీ" అని సంచి మూతి ముడేసి నా చేతికే తిరిగిచ్చావు. మా పెరడు ఎప్పుడు బయటిదయింది? అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. ఆ చెట్టు నీడనే చంకనేసుకుని అన్నం తినిపించాను.

దాచడమెందుకు, నాకు కుళ్ళుగానే ఉంది. బిళ్ళలు వాడి అరచేతిలో పోసి, గ్లాసు అందించి, మింగేదాకా నిలబడ్డావు చూడు, ఆ చోటు నాదనిపించింది. ఇంటికొచ్చినప్పటినుంచీ నా మొహం చూసి మీ అన్నయ్య పెరట్లోనే కాపురం పెట్టారు.

నీ ఆడబిడ్డ

జూన్ 14

వదిన గారికి నమస్కారాలు.

మీ తమ్ముడు షాపులో ఉండగా ఉత్తరం వచ్చింది, మంచిదే అయింది. రోజూ సగం పూట వెళ్ళనిస్తున్నారు డాక్టరు. ఓనరు ముందు గదిలో కొలతలు తీసుకుంటాడు, ఈయన వెనక గదిలో ఒక్కరే గుడ్డ కత్తిరించుకుంటారు. మాస్కు తియ్యరు. షాపుకి పంపి నన్ను రానివ్వవా అని మీరు అనకముందే చెబుతున్నాను.

మీరు పసిపిల్లల బడిలో టీచరు. మీ క్లాసులో ముక్కు కారని పిల్ల ఏ రోజైనా ఉంటుందా? ఆ ఆదివారం మీరు రెండుసార్లు తుమ్మారు. మీకది ఉత్త తుమ్ము. అదే ఆయనకి అంటుకుంటే మళ్ళీ హాస్పిటల్ మంచం.

డాక్టరు చెప్పినట్టే చెబుతాను. మన ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారట. కొత్తది ఏది కనిపించినా పరాయిదని తరిమేస్తారట. ఈ బిళ్ళలన్నీ ఆ కాపలావాళ్ళని జోకొట్టడానికే. మీరిచ్చిందైనా సరే, ఆయన ఒంటికి అది పరాయిదే. బిళ్ళ తప్పితే దాని మీద పడతారు. బిళ్ళ ఎక్కువైతే ఆ మందే కిడ్నీని తినేస్తుంది. పోనీ అన్నీ సరిగ్గా వేశామా, కాపలా నిద్రపోతోంది గనక జలుబూ దగ్గూ కాచని నీళ్ళూ అన్నీ దొంగలే. అందుకే పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ గడియారం కంటే ముందు నేను మోగుతాను. రక్తపరీక్ష రోజున మాత్రం రక్తం తీసేదాకా బిళ్ళ ముట్టుకోనివ్వను.

మీ కుళ్ళు మీరు రాశారు గనక నాదీ వినండి. కిడ్నీ ఇస్తానని అందరికంటే ముందు చెయ్యెత్తింది నేను. షుగరుందని పక్కన కూర్చోబెట్టారు. ఇప్పుడు మీ తమ్ముడు నీళ్ళు తాగి, పొట్ట కుడివైపు నిమురుకుని, "అక్కకి దాహం తీరింది" అంటారు. పడుకునేముందు అక్కడే చెయ్యేసుకుని "అక్క పడుకుందేమో" అంటారు. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత విన్నాను గానీ, మొగుడి పొట్టలోనే మకాం పెట్టే ఆడబిడ్డని ఏ సామెతలోనూ వినలేదు.

తుమ్ములు తగ్గాయా?

మీ మరదలు

జూన్ 25

మరదలికి,

తుమ్ములు తగ్గాయి. కోపం తగ్గలేదు.

నా కిడ్నీ వాడికి పరాయిదా? డాక్టరు పేరు చెప్పి నీ మనసులో మాట రాశావు. ఒక్క తల్లి కడుపున పుట్టిన నేను పరాయిదాన్నా, పాతికేళ్ళ తర్వాత గడపలోకి వచ్చిన నువ్వు సొంతమా? ఆ కాపలావాళ్ళకి కళ్ళుంటే నన్ను గుర్తుపట్టరూ. నువ్వు జోకొట్టాల్సిన పనే ఉండేది కాదు.

మొన్న బడిలో ఒక చిన్నది నా పక్కకొచ్చి, "టీచర్, కిడ్నీ తీసేశాక అక్కడ ఖాళీగా ఉందా?" అని అడిగింది. "ఖాళీగానే ఉందే" అన్నాను. అక్కడ పెట్టుకోమని తన రబ్బరు ఇచ్చింది. ఆ పిల్లకున్నంత జాలి మా ఇంటికొచ్చిన కోడలికి లేకపోయింది.

తమ్ముడు నిన్న షాపునుంచి ఫోను చేశాడు. నీకు తెలిసి ఉండదులే. ఉడకబెట్టిన కూరలు తిని నాలుక చచ్చిపోయిందన్నాడు. తలుపు నువ్వు మూసుకున్నావు, కిటికీలు కూడా మూశాననుకుంటున్నావు. ఇంతకుమించి రాయను.

ఆడబిడ్డ

జూలై 20

వదిన గారికి,

దెబ్బలాడటానికి ఓపిక లేదు. ఇది చదివి నిజం చెప్పండి.

పది రోజులుగా మీ తమ్ముడి చేతులు వణుకుతున్నాయి. ఇరవై ఏళ్ళుగా చూపుతోనే కొలిచి గీసే మనిషి, మొన్న కోటు గుడ్డ మీద సుద్దతో గీస్తే గీత వంకరపోయింది. అలాగే కత్తిరించేశారు. గుడ్డ పాడైంది. ఓనరు ఒక్క మాట అనలేదట. ఆ అనకపోవడమే భరించలేకపోయానని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పారు.

రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ సరిగ్గా పని చెయ్యట్లేదు. ఒంట్లో మందు ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. "బిళ్ళ వేసుకున్నాక రక్తం ఇచ్చారా?" అని అడిగారు డాక్టరు. లేదన్నాను. "పొరపాటున రెండుసార్లు వేశారా?" లేదన్నాను. "ఈ మందుకి పడనిది ఏదైనా తింటున్నారా?" అన్నారు. "నా చేతి వంట తప్ప ఆయన నోట్లో ఇంకేదీ పడదండీ" అని గొప్పగా చెప్పాను. కొంతమందికి ఒళ్ళే అలా మారుతుందిలే అని బిళ్ళలు సగానికి తగ్గించారు.

అప్పటినుంచీ నాకు నా మీదే అనుమానం. మందుల డబ్బా తీసి చూస్తాను, మూస్తాను, మళ్ళీ తీస్తాను. ఆయనే తీసుకుని మళ్ళీ వేసుకుంటున్నారా? మీతో షాపునుంచి ఫోనులో మాట్లాడుతున్నారు కదా. అక్కతో ఏం మాట్లాడతారని అడిగితే "ఊరికే" అంటారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాతో ఊరికే మాట్లాడింది ఒక్కరోజు లేదు. బిళ్ళ పొయ్యమన్నా, పులుసు పొయ్యమన్నా పని ఉంటేనే పిలుపు. అది నాకు కష్టంగానే ఉంది, ఇప్పుడు దాని సంగతి కాదు. మీతో ఏమైనా చెప్పి ఉంటే దాచకండి. మీ కిడ్నీ మీద ఒట్టు.

మీ మరదలు

ఆగస్టు 1

మరదలికి,

నా కిడ్నీ మీద నువ్వు ఒట్టేస్తావా? బాగుంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే "నా చేతి వంట తప్ప" అంటూ మొదలుపెట్టావు. వాడి చేతులు వణికింది నీ బిళ్ళల వల్ల. అలారం మోగకముందే మోగే మనిషివి, ఒకటికి రెండు పోసి ఉంటావు. అంత ఆత్రమెందుకు? వాడు నీ చేతిలోనే ఉండాలనే కదా.

నన్నడిగావు గనక చెబుతున్నాను. నువ్వు తిప్పి పంపిన పళ్ళు ఆ వారమే వాడికి చేరాయి. వారం వారం బస్సు డ్రైవరు చేత షాపుకి పంపాను. రోజూ మధ్యాహ్నం వెనక గదిలో కూర్చుని పండు ఒలుచుకుని తిన్నాడు. తొక్కలు గుడ్డ ముక్కల బుట్టలో వేసి పైన పేలికలు కప్పాడు. ఒక్కో తొన తిని నాకు ఫోను చేసి, "అక్కా, ఇవాళ్టిది తీపి" అనో, "ఇవాళ్టిది పులుపు" అనో చెప్పేవాడు. నువ్వడిగిన ఆ "ఊరికే" ఇదే. నీ చప్పిడి కూరలు తిని కాదు వాడు నిలబడింది, నా పళ్ళు తిని. ఇన్నాళ్ళూ నీ ఇంట్లో నీ మొగుడికి నేనే తిండి పెట్టాను, ఆ సంగతి నీకు తెలియకపోవడం నాకెంతో బాగుంది.

కాపు అయిపోయింది. చివరి సంచి వెళ్ళి వారమైంది. మళ్ళీ ఏడాదిదాకా వాడికి నీ కూరలే గతి.

వాడి అక్క

ఆగస్టు 8

వదినా,

హాస్పిటల్ వరండాలో కూర్చుని రాస్తున్నాను. మీ తమ్ముణ్ణి లోపల పడుకోబెట్టారు.

ఆ పండు ఈ మందుకి అస్సలు పడదు. తింటే మందు ఒంట్లో కరగదు, పేరుకుపోతుంది. చేతులు వణికిందీ, రక్తంలో మందు రెట్టింపైందీ అందుకే. అది తెలియక డాక్టరు బిళ్ళలు సగం చేశారు. ఇప్పుడు పండు ఆగిపోయింది. సగం బిళ్ళలే మిగిలాయి. కాపలావాళ్ళు లేచారు.

మీ ఉత్తరం వచ్చేసరికి రెండు రోజులుగా ఆయనకి ఒంటేలు తగ్గింది, పాదాలు వాచాయి. ఉప్పెక్కువైందేమోనని నేను కూరలో ఉప్పు తగ్గిస్తూ కూర్చున్నాను. మీరు రాసింది చదవగానే ఆటోలో తీసుకొచ్చాను. సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూశారు. ఒళ్ళు దాన్ని తోసేస్తోందన్నారు. పెద్ద ఇంజెక్షన్లు ఎక్కిస్తున్నారు. నిలుస్తుందో నిలవదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు.

పళ్ళ సంగతి చెప్పాను. "ఇప్పటికైనా తెలిసింది, ఇంకో వారం ఆగితే చేసేదేమీ ఉండేది కాదు" అన్నారు డాక్టరు. ఎలా తెలిసిందమ్మా అని అడిగారు. మా ఆడబిడ్డ నన్ను ఉడికిద్దామని రాసిందండీ అని చెప్పలేకపోయాను.

మిమ్మల్ని కడిగేద్దామనే కాగితం తీశాను. రాయబోతే చెయ్యి ఆగింది. ఆ పండు పడదని ఆపరేషనప్పుడే నాకు చెప్పారు. మీరు సంచితో వచ్చిన రోజు నాకు తెలుసు. "ఇది మందుకి పడదు వదినా" అని ఒక్క ముక్క అంటే మీరే తిరిగి పట్టుకెళ్ళేవారు. ఆ పండు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. నేనేం వండినా అలా వెలగదు. అందుకే మీకు కారణం చెప్పబుద్ధి కాలేదు, బయటి పళ్ళు వద్దని ఊరుకున్నాను. ఆయనకీ చెప్పలేదు. ఏ బిళ్ళ దేనికో, ఏది తినకూడదో అంతా నా దగ్గరే పెట్టుకున్నాను. నేను లేకపోతే ఆయనకి పూట గడవకూడదనుకున్నాను.

పిలుస్తున్నారు. వెళ్ళాలి.

ఆగస్టు 11

మరదలా,

ఫోను చేద్దామని తీస్తాను, నువ్వేం చెబుతావోనని పెట్టేస్తాను. వినే ధైర్యం లేదు. ఉత్తరమైతే తెరవకుండా కాసేపు చేతిలో పట్టుకోవచ్చు.

నా చేత్తోనే ఇచ్చాను, నా చేత్తోనే తీసేసుకోబోయాను. రెండోది కూడా తీసి వాడికి పెట్టమందామని నిన్న మీ అన్నయ్యతో అన్నాను. "మరి నువ్వో?" అన్నారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. పెరట్లో చెట్టు కొట్టించెయ్యమన్నాను. "చెట్టేం చేసింది, కాయలు పక్కింటివాళ్ళకి పంచుదాంలే" అన్నారు. ఆయన మాటకి ఒళ్ళు మండింది, కానీ అదీ నిజమే.

నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదు. నువ్వు తిట్టినా పడతాను. వాడికి ఒంటేలు వస్తోందా? ఆ ఒక్కటీ రాయి.

అక్క

సెప్టెంబరు 2

వదిన గారికి నమస్కారాలు.

వస్తోంది. ఇంత సంతోషంగా ఈ మాట ఎవరైనా ఎవరికైనా రాశారో లేదో.

ఇంటికొచ్చి పది రోజులైంది. నిలిచిందని డాక్టరు ఖాయంగా చెప్పేదాకా మీకు రాయడానికి భయమేసింది. క్రియాటినిన్ మునుపటంత కిందికి దిగలేదు, ఇక దిగదన్నారు. కొంత భాగం పోయింది, మిగతాది నిలిచింది. ఇంజెక్షన్లకి మొహం ఉబ్బి చంటిపిల్లాడిలా ఉన్నారు, ఆకలి కూడా అలాగే ఉంది. చేతులు వణకడం లేదు. పాత దుప్పటి మీద గీత గీసి చూపించారు, తిన్నగా వచ్చింది.

పండు సంగతి ఆయనకి చెప్పాను. తప్పు మనిద్దరిదీ అని చెప్పాను. "తిన్నది నేను కదా, నన్ను వదిలేస్తారేం?" అన్నారు. అప్పటినుంచీ ఆయన బిళ్ళలు ఆయనే సర్దుకుంటున్నారు. ఏది దేనికో అడిగి నేర్చుకున్నారు. నిన్న నేను మర్చిపోయినదాన్ని ఆయనే గుర్తుచేశారు. మంచిదే కదా. అయినా పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం నాకెంత కష్టంగా ఉందో మీకు తప్ప ఎవరికి చెప్పను?

ఇప్పుడు కాపలావాళ్ళు ఇంకా మొద్దునిద్రలో ఉన్నారు, ఇంజెక్షన్ల మూలాన. అందుకని ఒక నెల ఆగి రండి. వచ్చేముందు జలుబూ జ్వరం లేవని చూసుకోండి. ఈసారి కుర్చీ ఆయన పక్కనే వేస్తాను. మాస్కు మాత్రం తప్పదు. మీ తమ్ముడు రోజూ క్యాలెండరు చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది, అయినా రండి.

మీ మరదలు

అక్టోబరు 6

మరదలా,

నిన్న మీ ఊరొచ్చాను. మీ ఇంటికి రాలేదు.

మా క్లాసులో ముగ్గురు పిల్లలకి ఆటలమ్మ పోసింది. వాళ్ళు బడి మానేసి రెండు వారాలైంది, నాకేమీ లేదు కదా అని బయల్దేరాను. బస్సులో తలనొప్పిగా ఉంటే నిద్ర చాలలేదనుకున్నాను. బస్టాండులో దిగి, నువ్వు చెప్పినట్టే మోచేతుల దాకా చేతులు కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాను. చెవి కింద రెండు నీటి పొక్కులు. చిన్నప్పుడు నాకది రాలేదు. వాడికీ రాలేదు, పెంచినదాన్ని నాకు తెలుసు. చెమటకాయలని అనుకుందామని చాలాసేపు చూశాను. అవి చెమటకాయలు కావు.

వెంటనే వెనక్కి తిరిగి ఉంటే బాగుండేది. కాళ్ళు వినలేదు. రెండు మాస్కులు వేసుకుని, వాడు మళ్ళీ పనికి పోతున్న షాపుకి ఎదురుగా రోడ్డుకి ఇవతల, జనం లేనిచోట నిలబడ్డాను. నువ్వు క్యారియరు తెచ్చావు. వాడు ముందు గదిలోకొచ్చి మూత తీసి చూసి ఏదో అన్నాడు. నువ్వు వాడి మెళ్ళో ఉన్న టేపు లాగి భుజం మీద ఒకటేశావు. ఇద్దరూ నవ్వారు. వాడు ఒళ్ళు చేశాడు.

నాకు కుళ్ళు పుట్టింది మరదలా. వాడి పొట్టలో ఉన్నది నాది, ఆ నవ్వు నీది. రోడ్డు దాటితే చాలు, అక్కా అని అరిచేవాడు. ఆ అరుపు వినాలని ఎంత అనిపించిందో చెప్పలేను. దాటలేదు.

టాక్సీలో తిరిగొచ్చాను. డ్రైవరుకి చిన్నప్పుడే వచ్చి పోయిందని కనుక్కునే ఎక్కాను. వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చున్నావిడని తలుచుకుంటే మాత్రం బెంగగా ఉంది. ఇవాళ ఒళ్ళంతా పొక్కులు. మీ అన్నయ్య గుమ్మంలోంచి చారు గిన్నె లోపలికి తోసి పోతున్నారు.

వాడికి చెప్పమని అనను, చెప్పొద్దనీ అనను.

వదిన

అక్టోబరు 10

వదినా,

ముందు ఇది చదవండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఒంటినొప్పుల బిళ్ళలేవీ మింగొద్దు. అవి కిడ్నీకి మంచివి కావు, మీకిప్పుడు ఉన్నది ఒక్కటే. పెద్దవాళ్ళకి ఆటలమ్మ తేలిగ్గా పోదు, ఇంకా డాక్టరుకి చూపించుకోకపోతే ఇవాళే వెళ్ళండి. ఒక్క కిడ్నీ మనిషినని లోపలికి అడుగుపెడుతూనే చెప్పండి. నీళ్ళు బాగా తాగండి. పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. ఇవన్నీ నాకే నేర్పేటంత బాగా మీకు తెలుసు, అయినా రాయకుండా ఉండలేను.

ఆ రోజు మీరు రోడ్డు దాటి ఉంటే ఏమయ్యేదో డాక్టరుని అడిగాను. ఆయన చెప్పింది మీకు రాయను. ఇంటికొచ్చి మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను.

మీరొచ్చి వెళ్ళారని మీ తమ్ముడికి చెప్పలేదు. చెబితే ఏడుస్తారు. చస్తానో బతుకుతానో తెలియని రోజుల్లో కూడా నా ముందు కంటతడి పెట్టని మనిషి, మీకోసం ఏడుస్తుంటే చూడటం నా వల్ల కాదు. నేనింకా అంత మంచిదాన్ని కాలేదు.

తగ్గాక మీరే వచ్చి చెప్పండి. ఆ కాసేపు నేను వంటింట్లో ఉంటాను.

మీ మరదలు